లెక్కలోకి రావాలంటే

బడికి ప్రభుత్వం కనీసం ఎంత ఇవ్వాలి? ఈ ప్రశ్నతోనే 2009 విద్యాహక్కు చట్టం చదివాను. రూపాయల లెక్క కనబడలేదు, మనుషుల లెక్క కనబడింది. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు. తాగునీళ్లు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, లైబ్రరీ ఉండాలి. ఖర్చు కేంద్రం, రాష్ట్రం కలిసి భరించాలి.

మరి మన తెలుగు మాటేమిటి? దానికీ ఒక లెక్క ఉంది. 1949లో విద్యామంత్రుల సమావేశం ఇలా నిర్ణయించింది: బడి మొత్తంలో 40 మందో, ఒక తరగతిలో 10 మందో వేరే మాతృభాష పిల్లలుంటే, ఆ భాషలో చెప్పడానికి టీచర్ని వేయాలి. 1956లో రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం వచ్చింది. ప్రాథమిక స్థాయిలో మాతృభాషా చదువుకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని అది చెబుతుంది.

రాజపాళయంలో మా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. నన్ను బడిలో చేర్చినప్పుడు మావాళ్లు తెలుగు కావాలని అడగలేదు. ఆ పదిమందిలో ఒకరు తగ్గారు. అక్షరాలు అమ్మమ్మ దగ్గర పలక మీద దిద్దుకున్నాను.

తమిళం మనకు కావాలి, తెలుగూ కావాలి. అడగని పిల్లని ఎవరూ లెక్కపెట్టరు. మీ ఇంట్లో ఒకటో తరగతికి వెళ్లే పాప ఉంటే, మాతృభాష అడిగినచోట తెలుగు అనే రాయించండి.