నెలలు నిండక పుట్టినవారి ఊపిరితిత్తులు



ఏడవ నెల బిడ్డ బ్రతుకునని, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకదని పెద్దలు చెప్పుట మీరు వినియే యుందురు. ఈ మాట నిజము కాదు. తల్లి గర్భమున గడచిన ప్రతి వారమును శిశువు ఊపిరితిత్తులకు బలము చేకూర్చును. కావున ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకుటకే అవకాశ మెక్కువ.

37 వారములు నిండక మునుపే కలుగు కాన్పు అకాల ప్రసవ మనబడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2020లో లోకమున 1 కోటి 34 లక్షల శిశువు లిట్లు పుట్టిరి. వారిలో సుమారు 30 లక్షలమంది మన దేశమువారే.

ఊపిరితిత్తులు చెట్టు వంటివి. శ్వాసనాళములు కొమ్మలు, వాయుకోశములు ఆకులు. కొమ్మలు గర్భముననే యేర్పడును. ఆకులలో ఎక్కువ భాగము పుట్టిన పిదపనే చిగిర్చును. వాయుకోశములు ముడుచుకొనిపోకుండ సర్ఫాక్టంటు అను పలుచని పూత కాపాడును. ఇది చాలినంతగా సిద్ధమగుటకు 34, 35 వారములు పట్టును. ఈ పూత లోపించుటచేతనే అకాల శిశువులకు ఊపిరాడదని 1959లో ఏవరీ, మీడ్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీగారి పసికుమారుడు రెండు దినములైనను నిండకయే ఈ వ్యాధికి బలియయ్యెను. 1980లో జపానుదేశపు ఫుజివారా ఆ పూతనే మందుగా నిచ్చి శిశువులను బ్రతికించెను.

ఇట్టి వైద్యముచే బ్రతికినవారు నేడు ఉన్నత పాఠశాలలలో చదువుచున్నారు. వారిలో పెక్కుమందికి ఏ బాధయు నుండదు. అయినను స్పైరోమీటరుతో పరీక్షించినపుడు, వారు ఒక్క సెకనులో ఊదగల గాలి సగటున ఇతరులకంటె తక్కువగా నున్నట్లు తేలినది. మరింత ముందుగా పుట్టినవారికిని, చిరకాలము శ్వాసయంత్రముపై నున్నవారికిని ఈ లోప మధికము.

ఊపిరితిత్తుల శక్తి 20, 25 ఏండ్ల వరకు పెరిగి పిదప మెల్లగా తగ్గును. వానకాలమున నిండని చెరువు వేసవికి ముందే ఎండిపోవును గదా! మీ వయస్సే ఆ చెరువు నిండు కాలము. ఇప్పుడు బీడీ ముట్టుట దాని కట్టను తెగగొట్టుటయే. 18 ఏండ్ల లోపువారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము శాసించుచున్నది. వంటింటి కట్టెల పొగయు హానికరమే.

పరుగుపందెమున ఆయాసపడు బాలుని సోమరి యని యెగతాళి చేయరాదు, ఆటలనుండి తొలగింపనురాదు. డాక్టరు సలహాపై క్రమముగా చేయు వ్యాయామము అతనికి మేలు. రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఆయాసము ఉన్నచో పరీక్ష చేయింపవలెను. ఆయాసమంతయు ఉబ్బసమే కాదు. నెలలు తక్కువగా పుట్టిన సంగతి తెలిసిననే వైద్యుడు సరిగా విచారింపగలడు.

మన వేప్పనపల్లి సీమ మూడు రాష్ట్రముల పొలిమేర. కాన్పు ఒకచోట, చదువు వేరొకచోట, వైద్యము ఇంకొకచోట జరుగుచుండును. కావున కాన్పునాటి ఆసుపత్రి చీటీని భద్రపరుపుడు. వైద్యుడు తమిళమున అడిగిన ప్రశ్న తల్లికి తెలియనిచో, మీరే ఆమెకు తెలుగున విప్పి చెప్పి, ఆమె జవాబును ఆయనకు వినిపింపుడు. నెలలు తక్కువగా పుట్టుట సిగ్గుపడదగినది కాదు, దాచుటయే ప్రమాదము.