కాటా చెప్పని లెక్క

అచ్చంపేట మండలంలో కృష్ణ ఒడ్డున వలేసి బతికినవాణ్ణి. తర్వాత సొసైటీ కాటా దగ్గర పుస్తకం రాశాను. "ఈ ఏడు జెల్ల, వాలుగ ఎంత పట్టొచ్చు తాతా?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. వాళ్లకి చెప్పేవి ఇవి.

1. అడుగు చేపకి వేరే పేజీ పెట్టండి.
బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లల్ని ప్రభుత్వం తెచ్చి జలాశయాల్లో వదులుతుంది. అడుగున తిరిగే వాలుగనీ జెల్లనీ బొమ్మిడాయినీ ఎవరూ వదలరు. అవి పెట్టే జనే, అంటే గుడ్లే, వాటికి పెట్టుబడి. అన్నీ ఒకే కుప్పలో తూచారా, బొచ్చె బరువు మాటున జెల్ల తరిగిపోయినా పుస్తకంలో తెలియదు. (ఎర్రమోసు కూడా అడుగునే మేస్తుంది గానీ, దాని బాగోగులు హేచరీ చూసుకుంటుంది.)

2. వలకి ఎంత పడిందో చూడండి.
మాటకి, నిరుడు 10 వలలకి రాత్రికి 20 కిలోలు పడ్డాయనుకుందాం. ఈ ఏడు 20 వలలకి 24 కిలోలు. కాటా దగ్గర అందరికీ సంతోషమే. వలకి 2 కిలోలు పడేది 1.2కి దిగిందని ఎవరూ అనరు. ఎన్ని వలలు, ఎంత కన్ను, ఎన్ని గంటలు నీళ్లలో ఉన్నాయి అన్నది తూకం పక్కనే రాయాలి. నూలు వల లెక్కనీ తంగూసు వల లెక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

3. నీటి మట్టం రాయని లెక్క చెల్లదు.
నా మటుకు అన్నిటికన్నా పెద్ద పాఠం ఇదే. పులిచింతల జలాశయం నిండితే 175 అడుగులు, 45.77 టీఎంసీలు. వేసవిలో నీరు లాగేస్తే చేపంతా పాత ఏటి మడుగుల్లోకి చేరుతుంది. అప్పుడు వలేస్తే బరువుకి చేతులు నొప్పెడతాయి. చేప పెరిగిందనుకుంటారు. పెరిగింది ఇరుకు. 2021 ఆగస్టు 5న 16వ గేటు కొట్టుకుపోయి, స్టాప్‌లాగ్ (తాత్కాలికంగా అడ్డుపెట్టే గేటు) దించడానికి జలాశయంలో నీళ్లు చాలావరకు కిందికి వదిలేశారు. అలాంటి ఏడాది లెక్కని సగటులో కలపొద్దు. డ్యామ్ కింద మన వైపు ఇంకో తిప్పలు: అవతలి ఒడ్డున కరెంటు తీస్తే నీరు పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది. పైన లెక్క పైనదే, కింద లెక్క కిందదే.

ఇలాగే గుంపుని చూసి కెనడాలోనూ మోసపోయారు. అక్కడ న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ అనే అడుగు చేప ఉంది. తగ్గిపోయిన చేప కూడా గుంపులుగా ఒకచోట చేరేది, అందుకే పెద్ద ఓడలకి చివరిదాకా బాగానే పడింది. ఒడ్డు దగ్గర చిన్న పడవలవాళ్లు పడటం లేదని ముందే మొత్తుకున్నారు. 1992 జూలైలో వేట ఆపేశారు, 30 వేల మందికి పైగా పని పోయింది. ఆ నిషేధం ఎత్తేసేసరికి 2024 వచ్చింది.

4. చేపలు కోసే ఆడవాళ్లని అడగండి.
స్కేలు కొట్టిన చెక్కపలక మీద జెల్లని పడుకోబెట్టి, మూతి నుంచి తోక చీలిక దాకా కొలవండి. రొమ్ము దగ్గర ముల్లు జాగ్రత్త, గుచ్చుకుంటే రాత్రంతా సలుపుతుంది. ఎంత పొడవు చేపలో జన కనిపిస్తోందో సంతలో కత్తిపీట ముందు కూర్చునేవాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ కొలతకి తక్కువున్నవే సగానికి మించి వలలో పడుతున్నాయా, పట్టకూడనంత పడుతున్నట్టే. ఇక సన్న కన్ను అలివి వలలో వేలెడు పిల్ల కూడా మిగలదు. అది తిరిగే నీళ్లలో ఏ లెక్కా నిలవదు.

5. వానాకాలం బందు ఒక్కటే చాలదు.
జూలై, ఆగస్టు వేట బందు వాలుగకి పనికొస్తుంది, అది కొత్తనీటికి జన పెడుతుంది. జెల్ల తీరు వేరు. వేసవిలోనే అడుగున గుంట చేసుకుని, పిల్లల్ని కాచుకుంటుంది. ఆ గుంటలున్న చోట్లు పాతవాళ్లకి తెలుసు. మే నెలలో అక్కడ వల దించకూడదని సొసైటీయే తీర్మానం రాసుకోవాలి.

6. హద్దుని కిలోల్లో లెక్కగట్టి, వలల్లో అమలు చేయండి.
మన దేశంలో ఇన్ని కిలోలే పట్టాలని కోటా పెట్టే పద్ధతి దాదాపు లేదు. పెట్టినా, రాత్రిపూట కట్ట మీదే అమ్ముడుపోయే చేపని ఎవరు తూస్తారు? మూడేళ్లలో పట్టిన కిలోల సగటు తీయండి. వలకి పడేదీ, చేప పొడవూ రెండూ తగ్గితే పావు వంతు కోసేయండి. రెండూ పెరిగితే పదో వంతు కలపండి, అంతకు మించొద్దు. ఇది నా ముతక లెక్క. మత్స్యశాఖవాళ్లు ఇంతకన్నా మంచిది చెబితే అదే పట్టుకోండి. వచ్చిన కిలోలని ఇన్ని వలలు, ఇన్ని రాత్రులు అని మార్చి పంచుకుంటే, వలలైతే ఒడ్డున నిలబడి ఎవరైనా లెక్కపెట్టొచ్చు.

7. అడ్వాన్సు తీసుకోకముందే హద్దు రాసుకోండి.
షావుకారు డబ్బు చేతిలో పడ్డాక ఎవరూ వల తగ్గించరు. తగ్గించమనడం కూడా న్యాయం కాదు, వేటగాళ్లకి తీర్చాల్సిన బాకీ ఉంటుంది. కాబట్టి సొసైటీ మీటింగు ముందు, అడ్వాన్సులు తర్వాత. ఆ మీటింగుకి షావుకారునీ పిలవండి, ఎన్ని వలలో ఆయన చెవినా పడాలి.