ఖాళీలో దాగిన అక్షరం

పసుపు, కోడిగుడ్లు, డిటర్జెంట్ సబ్బు. ఫ్రిజ్ తలుపుకి ఇలాంటి చీటీ అంటించి ఉంటే సరుకుల జాబితా అనుకుని మీరు సంచీ అందుకుంటారు. ఒకదాని కింద ఒకటి రాసి, మొదటి అక్షరాలు మాత్రం కలిపి చదవండి: పకోడి. సాయంత్రానికి ఏం కావాలో పిల్లలు చెప్పేశారు.

సందేశాన్ని ఎవరికీ అర్థం కాకుండా చేయడం ఒక విద్య. అక్కడ సందేశం ఉందన్న అనుమానమే రాకుండా చేయడం మరో విద్య. ఈ రెండోదాన్ని స్టెగనోగ్రఫీ అంటారు. గ్రీకు మూలాన్ని బట్టి చూస్తే ‘కప్పిన రాత’ అని అర్థం. మనకిది కొత్తేమీ కాదు. చంపకమాల లోపల కంద పద్యాన్ని ఇమిడ్చి గర్భకవిత్వం చెప్పిన కవులు తెలుగులో ఉన్నారు. కాకపోతే కవి పాఠకుడు కనిపెట్టి మెచ్చుకోవాలని దాస్తాడు, కంప్యూటర్‌లో దాచేవారు ఎవరికీ దొరకకూడదని దాస్తారు.

బైనరీ సంఖ్యల పాఠం అయిపోయిన పిల్లలు దీన్ని ఇంట్లో చేసి చూపించగలరు. నెట్ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. ఓ పది నిమిషాలు పక్కన కూర్చోండి.

కంప్యూటర్ ప్రతి అక్షరాన్నీ ఒక సంఖ్యగా దాచుకుంటుంది. ఇంగ్లిష్ పెద్ద ‘ఎ’ సంఖ్య 65, అంటే 64కి 1 కలిపితే వచ్చేది. ఎనిమిది గడుల బైనరీలో రాస్తే 01000001. ఇప్పుడు నోట్‌ప్యాడ్‌లో ఎనిమిది సరుకుల పేర్లు ఒక్కో లైనుకు ఒకటి చొప్పున రాయించండి. సున్నా ఉన్న చోట లైను చివర ఒక స్పేస్, ఒకటి ఉన్న చోట ఒక ట్యాబ్ కొట్టాలి. ఈ లెక్కన రెండో లైనుకూ ఎనిమిదో లైనుకూ ట్యాబ్, మిగతా వాటికి స్పేస్. ఫైల్ సేవ్ చేసి మళ్లీ తెరవండి. కందిపప్పు, చింతపండు, బెల్లం... అంతే కనిపిస్తుంది. ‘ఎ’ మాత్రం ఆ జాబితాలోనే ఉంది.

బయటపెట్టడం ఇంకా తేలిక. అదే ఫైల్‌ను వర్డ్‌లో తెరిచి, పేరాగ్రాఫ్ గుర్తు ఉన్న బటన్ నొక్కండి. స్పేస్‌లు చుక్కలుగా, ట్యాబ్‌లు బాణాలుగా బయటపడతాయి. పిల్లలు ‘అరే, దొరికిపోయిందే’ అన్న చోటే అసలు పాఠం మొదలవుతుంది.

ఈ ‘దొరికిపోయిందే’ దగ్గర కాస్త ఆగుదాం. దాచిపెట్టడం వేరు, తాళం వేయడం వేరు. బీరువా తాళంచెవి బియ్యం డబ్బాలో దాచినవారికి, చోటు తెలిసినవాళ్లెవరైనా బీరువా తెరవగలరని తెలుసు. లైను చివరి ఖాళీలు కూడా అంతే. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు, ఏ పాస్‌వర్డూ అవసరం లేదు. మాథ్యూ క్వాన్ రాసిన ‘స్నో’ అనే ప్రోగ్రామ్ ఇదే పద్ధతిలో లైన్ల చివర ఖాళీలలో సందేశం దాస్తుంది. అందులో కావాలంటే ముందు సందేశానికి పాస్‌వర్డ్‌తో తాళం వేసి, ఆ తర్వాత దాచే ఏర్పాటు కూడా పెట్టారు. ‘కనిపించడం లేదు కాబట్టి భద్రంగా ఉంది’ అనుకుని అమ్మానాన్నల ఏటీఎం పిన్‌నో ఈమెయిల్ పాస్‌వర్డ్‌నో ఇలా దాచే పిల్లలకు ఈ తేడా తప్పకుండా తెలియాలి. నిజానికి కొందరు పెద్దలకు కూడా.

తెలుగువాళ్లం రోజూ వాడుతూ గమనించని సంగతి ఇంకొకటి. ఫోన్‌లో ‘సాఫ్ట్‌వేర్’ అని టైప్ చేసినప్పుడు ‘ట్’కీ ‘వే’కీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది లేకపోతే వకారం ఒత్తుగా కిందికి జారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మన లిపికి ఎంతో మేలు చేసే గుర్తు ఇది. వెడల్పు లేని ఇలాంటి గుర్తులు మరికొన్ని ఉన్నాయి. వాటిని సున్నాలుగా, ఒకట్లుగా వాడి ఒక మామూలు వాక్యంలోనే రహస్యం చొప్పించవచ్చు. మెసేజ్ నుంచి కాపీ చేసి అతికించిన పాస్‌వర్డ్ ‘తప్పు’ అని వస్తే, కారణం ఒక్కోసారి దాని వెంట వచ్చిన కనిపించని గుర్తే కావచ్చు. అప్పుడు చేత్తో టైప్ చేసి చూడండి.

కాపీ చేసేవారికి తెలియకుండా గుర్తు వెంట వస్తుందన్న దానికి పేరుపొందిన ఉదాహరణ జీనియస్ అనే పాటల వెబ్‌సైట్. తమ పేజీల్లోని సాహిత్యంలో నిలువు అపాస్ట్రఫీలనూ వంపు అపాస్ట్రఫీలనూ ఒక వరసలో వాడామనీ, వాటిని మోర్స్ కోడ్‌గా చదివితే ‘రెడ్ హ్యాండెడ్’ అని వస్తుందనీ, అదే వరస గూగుల్ ఫలితాల్లో కనిపించిందనీ ఆ సంస్థ 2019లో ఆరోపించింది. ఆ సాహిత్యం తమకు వేరే సంస్థ నుంచి వస్తుందని గూగుల్ చెప్పింది. పాటల కాపీరైట్ జీనియస్‌ది కాకపోవడంతో 2020లో కోర్టు కేసు కొట్టేసింది. గుర్తు మాత్రం తన పని తాను చేసింది. నెట్‌లో దొరికిన పేరాలను ప్రాజెక్టులోకి యథాతథంగా ఎత్తి పెట్టే పిల్లలకు ఈ కథ చెప్పి చూడండి.

ఇక మీలో చాలామందికి వచ్చే సందేహం: ‘ఇవన్నీ నేర్పితే మా దగ్గరే దాచరా?’ దాస్తారు. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు స్నేహితులతో రహస్య భాషలు కల్పించుకోవడం మామూలే. మనం ‘క’ భాష మాట్లాడుకోలేదూ? అలాంటి ఫైల్ కంటపడితే ముందు ‘ఇది ఎలా చేశావు?’ అని అడగండి, ‘ఎందుకు చేశావు?’ అన్నది తర్వాత. గర్వంగా వివరిస్తే ఆటే.

వివరించడానికి భయపడుతుంటే, లేదా ఈ పద్ధతి నేర్పినది నెట్‌లో పరిచయమైన పెద్దవాళ్లని తేలితే, అది ఆట కాదు. ‘మీ ఇంట్లో తెలియకూడదు’ అనే పెద్దవాళ్ల మాటే హెచ్చరిక. అప్పుడు పిల్లల్ని కోప్పడకండి, మెసేజ్‌లు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లు తీసి ఉంచి, క్లాస్ టీచర్‌కో ప్రిన్సిపాల్‌కో అదే రోజు చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098, సైబర్ నేరాల ఫిర్యాదుకు 1930.