బడి సంస్కృతి: డీఎస్సీ, టెట్ ప్రత్యేకం
బడి సంస్కృతిని గోడలకేసిన రంగుల్లో వెతికితే దొరకదు. ఎడ్గర్ షైన్ సంస్థాగత సంస్కృతిలో మూడు పొరలు చూపారు: కంటికి కనిపించేవి, పైకి చెప్పుకునే విలువలు, ఎవరూ ప్రశ్నించని నమ్మకాలు. ‘వీడికి చదువు రాదు’ అనే నమ్మకం మూడో పొరలోది. బోధనను అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది అదే. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ బడులు దాన్ని పక్కనపెట్టాయి. అక్కడ వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో, అభ్యసన నిచ్చెన మీద ఎవరి వేగంతో వారు నేర్చుకుంటారు.

పల్నాడు జిల్లా అచ్చంపేటలోని సర్కారు బడి లాంటి వాటికీ ఆ నమ్మకాన్ని పక్కనపెట్టే మార్పు తెచ్చే అధికారం చట్టంలోనే ఉంది. విద్యాహక్కు చట్టం-2009, సెక్షన్ 21: యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తం సభ్యుల్లో 50 శాతం మహిళలు. ఈ రెండు నిష్పత్తులూ తారుమారు కాకుండా గుర్తుంచుకోండి. సెక్షన్ 22 ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సింది ఆ కమిటీయే.