సబ్బుబిళ్ళ వెనుక చట్టం – మన చదువుతో దానికున్న సంబంధం

'కాస్మెటిక్ చార్జీలు' అనే మాట తెలియని హాస్టల్ విద్యార్థి ఉండడు. ఒంటి సబ్బు, బట్టల సబ్బు, తలనూనె, పళ్ళపొడి కోసం ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సొమ్ము అది. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఈ చార్జీలు పెరిగాయి. చిన్న తరగతుల బాలికలకు నెలకు 55 రూపాయలున్నది 175కు, పై తరగతుల బాలికలకు 75 రూపాయలున్నది 275కు పెరిగింది. ఈ సొమ్ము చాలుతుందా, చాలదా అని మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ వ్యాసంలో మేము అడిగే ప్రశ్న వేరు. ఆ సొమ్ముతో కొనే సబ్బును తయారు చేసేది ఎవరు? ఇప్పగింజలు, కుంకుడుకాయలు ఏరే మన ప్రాంతపు తల్లులు ఆ సబ్బును తామే చేసి అమ్మాలంటే ఏమి అడ్డు వస్తున్నది?

అడవిలో సరుకు ఉంది

ఖమ్మం నుంచి భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల, చింతూరు వైపు వెళ్తే దారి పొడవునా అడవే. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది, తరువాత ఇప్పకాయ వస్తుంది. దాని గింజ నుంచి తీసిన నూనె సబ్బుకు పనికివస్తుంది. కానుగ, వేప గింజల నూనె కూడా అంతే. కుంకుడు, శీకాయ సంగతి చెప్పనక్కరలేదు.

షెడ్యూల్డు ప్రాంతాల్లో దళారుల దోపిడీని ఆపడానికి 1979లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టం వచ్చింది. వాటి కొనుగోలు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ చేతికి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఆ ఉత్పత్తులపై సేకరించే వారికే యాజమాన్య హక్కు ఇచ్చింది. అంటే గింజ ఏరుకునే హక్కు, అమ్ముకునే హక్కు కాగితం మీద ఉన్నాయి. కానీ గింజను గింజగా అమ్మితే వచ్చేది కూలి మాత్రమే. నూనె తీసి, సబ్బు చేసి, పేరు పెట్టి అమ్మితేనే లాభం చేతికి వస్తుంది. సరిగ్గా అక్కడే ఇంకొక చట్టం ఎదురవుతుంది.

సబ్బు చట్టంలోకి ఎలా వచ్చింది?

1940లో మందుల కోసం చేసిన చట్టంలోకి 1962 సవరణతో సౌందర్య సాధనాలు కూడా చేరాయి. శుభ్రపరచడానికి గానీ, అందం కోసం గానీ మనిషి ఒంటికి రుద్దేది, పూసేది, చల్లేది ఏదైనా సౌందర్య సాధనమే. మొదట్లో ఈ నిర్వచనం నుంచి సబ్బును మినహాయించారు. 1982 సవరణ ఆ మినహాయింపును తీసివేసింది. ఆనాటి నుంచి స్నానపు సబ్బు తయారు చేసి అమ్మాలంటే లైసెన్సు తప్పనిసరి. బట్టల సబ్బు ఒంటికి రుద్దేది కాదు కనుక దీని కిందికి రాదు. 2020 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సౌందర్య సాధనాలకు ప్రత్యేకంగా నియమావళిని ప్రకటించింది. అంతకుముందు 1945 నాటి నియమాలే మందులకూ వీటికీ కలిపి ఉండేవి.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. సబ్బులు అమ్మే కిరాణా కొట్టుకు ఈ లైసెన్సు అవసరం లేదు. తయారీకే అవసరం. కానీ లైసెన్సు లేకుండా తయారైన సరుకును కొట్టులో పెట్టి అమ్మడం కూడా తప్పే. అందుకే లైసెన్సు నంబరు లేని సబ్బును షాపువాడు ముట్టుకోడు, ప్రభుత్వ టెండరులో అసలు చోటే ఉండదు.

చట్టం అనవసరమా?

కాదు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చిన కొందరు రోగులను డాక్టర్లు పరిశీలిస్తే, ముఖం తెల్లబడడానికి వాడిన క్రీముల్లోని పాదరసం బయటపడింది. మన దేశ నియమాల ప్రకారం సౌందర్య సాధనాల్లో పాదరసం కలపకూడదు. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడకూడదు. తెల్లతోలు మోజును సొమ్ము చేసుకునే వ్యాపారం ముందుగా దెబ్బతీసేది మన వంటి పేద పిల్లలనే. కనుక ఈ చట్టం మన ఒంటికి కాపలా.

సబ్బు విషయంలోనూ ప్రమాదం ఉంది. పదో తరగతిలో చదివిన సపోనిఫికేషన్ గుర్తు చేసుకోండి. నూనె, కాస్టిక్ సోడా కలిస్తే సబ్బు, గ్లిజరిన్ వస్తాయి. 100 గ్రాముల కొబ్బరినూనె పూర్తిగా సబ్బు కావడానికి సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అదే వేపనూనెకు 14 గ్రాములు చాలు. రెండింటికీ ఒకే కొలత వేస్తే వేప సబ్బులో 4 గ్రాముల కాస్టిక్ మిగిలిపోయి చర్మాన్ని కాలుస్తుంది. కాచకుండా చేసే సబ్బును నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టాలి. తొందరపడి సంతకు తెస్తే కొన్నవాడి ఒళ్ళు మండుతుంది. కాబట్టి తూకం, లెక్క తెలిసిన మనిషి ఉండాలని చట్టం కోరడం న్యాయమే.

మరి ఇబ్బంది ఎక్కడ?

చట్టం అడిగేవి ముఖ్యంగా నాలుగు.

1. స్థలం: 1945 నియమాల్లోని షెడ్యూల్ ఎమ్-2 చిన్నతరహా స్నానపు సబ్బుల తయారీకి 100 చదరపు మీటర్ల స్థలాన్ని సూచించింది. మన లెక్కలో దాదాపు 120 గజాలు. క్రీములు, తలనూనెలకు 25 చదరపు మీటర్లు. నిల్వకు చోటు వేరుగా చూపాలి. ఇందిరమ్మ ఇంటి వరండాలో ఇది కుదరదు.

2. మనిషి: తయారీని దగ్గరుండి చూసే అర్హత గల పూర్తికాలపు ఉద్యోగి ఉండాలి.

3. పరీక్ష: ముడిసరుకును, తయారైన ప్రతి బ్యాచ్‌ను పరీక్షించి రికార్డు రాయాలి.

4. లేబులు: తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, వాడవలసిన గడువు, కలిపిన పదార్థాలు ముద్రించాలి.

పెద్ద కంపెనీకి ఈ ఖర్చు లక్షల సబ్బుల మీద పంచుకుపోతుంది, ఒక్కో సబ్బు మీద పైసలు కూడా పడవు. నెలకు వెయ్యి సబ్బులు చేసే మహిళా సంఘానికి అదే ఖర్చు సబ్బు ధర కంటే ఎక్కువ కావచ్చు. నియమం అందరికీ ఒకటే, బరువు మాత్రం ఒకటి కాదు.

దీనికి మన భద్రాచలంలోనే ఒక పోలిక దొరుకుతుంది. ఇక్కడి ఆదివాసీ మహిళలు చిరుధాన్యాలతో చేసే 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' బిస్కెట్లను, వారి 'గిరి' శానిటరీ ప్యాడ్లను ప్రధానమంత్రి 2025 జూన్ 'మన్ కీ బాత్'లో ప్రస్తావించారు. ఒకప్పుడు పొలాల్లో కూలి చేసినవారి బిస్కెట్లు లండన్ దాకా వెళ్ళాయి. ఆహార పదార్థాల విషయంలో చట్టం చిన్నవారిని వేరుగా చూసింది. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారానికి పూర్తి లైసెన్సు బదులు, ఏటా 100 రూపాయల ఫీజుతో రిజిస్ట్రేషన్ చాలునని 2011 నిబంధనలు చెప్పాయి. చిన్నగా మొదలుపెట్టి ఎదిగే వీలు అందులో ఉంది. సబ్బుకు అలాంటి మెట్టు లేదు. కడుపులోకి వెళ్ళే బిస్కెట్టుకు చిన్న గుమ్మం ఉంది, ఒంటికి రుద్దే సబ్బుకు పెద్ద గేటు ఒక్కటే ఉంది.

బయటి దేశాల్లో

అమెరికాలో 2022 డిసెంబరులో సౌందర్య సాధనాల చట్టాన్ని కట్టుదిట్టం చేశారు. అయితే సగటు వార్షిక అమ్మకం 10 లక్షల డాలర్ల లోపు ఉన్న చిన్న వ్యాపారులను రిజిస్ట్రేషన్ నుంచి, తయారీ ప్రమాణాల నిబంధన నుంచి మినహాయించారు. కంటికి తగిలే సాధనాల వంటి ప్రమాదకరమైన వాటికి మాత్రం ఆ మినహాయింపు లేదు. యూరప్‌లో 2013 నుంచి పూర్తిగా అమలవుతున్న నియమావళి చిన్నా పెద్దా తేడా చూడదు. ప్రతి సరుకుకూ అర్హుడైన నిపుణుడి భద్రతా నివేదిక ఉండాల్సిందే. అమెరికా పద్ధతి వ్యాపారి పరిమాణంతో పాటు సరుకులోని ప్రమాదాన్ని కూడా చూసింది. మన పాలకులు ఆలోచించవలసింది ఈ రెండో అంశాన్నే. రంగులు లేని సాదా ఇప్పనూనె సబ్బును, ముఖం తెల్లబరిచే క్రీమును ఒకే గాటన కట్టడం సబబేనా?

ఉన్న చట్టంలోనే దారులు

చట్టం మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు.

మొదటిది, ఉమ్మడి షెడ్డు. 2018 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి నాడు, మన పొరుగునే ఉన్న ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో ప్రధాని వన్ ధన్ పథకాన్ని ప్రారంభించారు. 15 సంఘాలకు చెందిన 300 మంది ఒక కేంద్రంగా ఏర్పడితే 15 లక్షల రూపాయల దాకా సాయం అందేలా దాన్ని రూపొందించారు. ఒక్కో సంఘం 120 గజాల షెడ్డు వేయలేదు. పదిహేను సంఘాలు కలిస్తే ఒకే షెడ్డు, ఒకే లైసెన్సు, ఒకే పరీక్ష ఖర్చు సరిపోతాయి.

రెండవది, లోన్ లైసెన్సు. ఇది బ్యాంకు అప్పు కాదు. ఇప్పటికే లైసెన్సు ఉన్న వేరొకరి యూనిట్‌లో మన సరుకును మన పేరుతో తయారు చేసుకునే అనుమతి.

మూడవది, బట్టల సబ్బుతో మొదలుపెట్టడం. ఈ లైసెన్సు లేకుండానే తూకం, ప్యాకింగ్, లెక్కల పుస్తకం అలవాటవుతాయి.

ఒక హెచ్చరిక. సబ్బు మీద 'గజ్జి, తామర తగ్గుతాయి' అని రాస్తే అది సౌందర్య సాధనం కాదు, మందు అవుతుంది. అప్పుడు కావలసింది మందుల లైసెన్సు.

ఇంకొకటి, లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర అధికారి. 2014 విభజనలో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఒకే అడవి, ఒకే ఇప్పచెట్టు, అయినా అర్జీ పెట్టే ఆఫీసులు వేరు. సరిహద్దు గ్రామాల వారు షెడ్డు ఏ రాష్ట్రంలో వేస్తారో ముందే తేల్చుకోవాలి.

మన పాత్ర

పైన చెప్పిన నాలుగింటిలో స్థలం, పరీక్ష, లేబులు డబ్బుతో వస్తాయి. మనిషి మాత్రం చదువుతో వస్తాడు. ఫార్మసీ డిప్లొమా ఉన్నవారు ఆ అర్హతకు సరిపోతారు. ఇంటర్‌లో బైపీసీ గానీ ఎంపీసీ గానీ చదివినవారికి అది రెండేళ్ళ కోర్సు. 1945 నియమాలైతే ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివినవారినే అర్హులుగా ఒప్పుకున్నాయి. ఈ హాస్టళ్ళ నుంచి ఫార్మసీ చదివి వెళ్ళిన అన్నలు, అక్కలు ఎందరో ఉన్నారు. వారిలో ఒక్కరు ఒక కేంద్రంలో ఉద్యోగిగా నిలబడితే 300 కుటుంబాల సరుకుకు లైసెన్సు నంబరు పడే అవకాశం ఉంది. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు దరఖాస్తు ఫారం చదివి చెప్పినా అది చిన్న సాయమేమీ కాదు.

తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చేయగలిగిన పని కూడా ఉంది. ఈసారి సబ్బు కొన్నప్పుడు కాగితం పారేయకుండా చదవండి. లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు ఉన్నాయా? టి.ఎఫ్.ఎమ్. ఎంత? అది సబ్బులోని కొవ్వు పదార్థం శాతం. మొదటి రకం స్నానపు సబ్బులో 76, రెండవ రకంలో 70, మూడవ రకంలో 60 శాతానికి తగ్గకూడదు. 'బాతింగ్ బార్' అని రాసి ఉంటే 40 శాతం ఉన్నా చాలు. మన 275 రూపాయలకు ఏమి వస్తున్నదో అప్పుడు తెలుస్తుంది.

మిత్రులారా, చట్టాన్ని ఎత్తివేయమని మేము అడగడం లేదు. పాదరసం కలిపే వాడికి గేటు మూసే ఉంచాలి. ఇప్పనూనె కాచే తల్లికి ఆహార చట్టంలో వలె ఒక చిన్న గుమ్మం తెరవాలని కోరుతున్నాం. జీసీసీ 'గిరిజన్' పేరుతో సబ్బులు అమ్మగలుగుతున్నప్పుడు, గింజ ఏరిన సంఘం కూడా తన పేరుతో అమ్ముకోగలగాలి. ఆ సబ్బు మన కాస్మెటిక్ చార్జీలతో మన హాస్టల్‌కే వచ్చిన రోజున, ప్రభుత్వం మనకిచ్చే రూపాయి మన ఇంటికే తిరిగి చేరుతుంది. ఆ రోజు రావడానికి కావలసిన మనిషిని ఈ హాస్టలే తయారు చేయగలదు.