చర్చి బీరువా తెరిచే ముందు

వందేళ్ళు దాటిన చర్చిల్లో చాలావాటికి వేదిక పక్క గదిలో ఒక పాత బీరువా ఉంటుంది. బాప్తిస్మాల రిజిస్టర్లు, పెళ్ళిళ్ళ రిజిస్టర్లు, భూస్థాపన పుస్తకాలు, కమిటీ మినిట్స్, చందాల లెక్కలు, దొరల కాలం నాటి ఫోటోలు అందులో కలగాపులగంగా పడి ఉంటాయి. గోపురం ముందు నిలబడి ఫోటో దిగేవాళ్ళు వందలమంది. బీరువా తెరిపించి చూసేవాళ్ళు అరుదు. ఈలోగా చెదలు, చెమ్మ తమ పని తాము చేసుకుపోతుంటాయి.

ఆ కాగితాలంటే నాకెందుకంత పట్టింపో ముందే చెబుతాను. కరణం లెక్కల్లో భూమి ఉన్నవాళ్ళ పేర్లు దొరుకుతాయి. పాలేరుతనం చేసిన మనిషి పేరు, అతని తల్లి పేరు, ఊరు, తేదీ ఒకరు పనిగట్టుకుని కూర్చుని రాసిపెట్టిన మొదటి చోటు చాలా మాల, మాదిగ కుటుంబాలకు చర్చి రిజిస్టరే. 1876–78 కరువు వెనకనే, 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో ఆ అంకె ఉంటుంది, జాన్ క్లౌ దొర పేరూ ఉంటుంది. ఆ అంకెలోని మనుషులు ఎవరెవరో కావాలంటే సంఘాల పుస్తకాల్లోకి దిగాల్సిందే.

ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు. ఎలా మొదలుపెట్టాలో కొత్తవాళ్ళ కోసం వరసగా చెబుతాను.

ఒక చర్చి, ఒక ప్రశ్న

‘మా జిల్లా క్రైస్తవ చరిత్ర’ అని మొదలుపెట్టినవాళ్ళు నాలుగు నెలల్లో విసిగి మానేస్తారు. ఒక్క చర్చిని తీసుకోండి. ఒక్క ప్రశ్న వేసుకోండి. మా సంఘంలో మొదటి వందమంది ఏయే ఊళ్ళ నుంచి వచ్చారు? 1864 నవంబరు 1న బందరును ముంచేసిన ఉప్పెనలో దాదాపు ముప్పై వేలమంది పోయారు కదా, ఆ నెల భూస్థాపన పుస్తకంలో ఏం రాశారు? ఈ పాటి ప్రశ్న చాలు. జవాబు దొరికేలోపు ఇంకో పది ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

ప్రశ్న కుదిరాక ఆ చర్చిని ఏ మిషన్ కట్టిందో తెలుసుకోండి. కాగితాలు ఎక్కడికి పోయాయన్నది దాన్నిబట్టే తేలుతుంది. విశాఖపట్నానికి 1805లో లండన్ మిషన్ వచ్చింది. బందరుకు 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ వచ్చారు. మరుసటి ఏడు గుంటూరుకు అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ వచ్చాడు. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది. హైదరాబాదు రోమన్ కేథలిక్ సంఘాలకు ఇటలీలోని మిలాన్ మిషన్‌తో చుట్టరికం. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు ఆంగ్లికన్లూ వెస్లియన్ మెథడిస్టులూ అందులో కలిశారు. బాప్టిస్టులూ లూథరన్లూ కలవలేదు. అందుకే పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు చర్చిల కాగితాలు రెండు దేశాల్లో తేలుతుంటాయి.

రిజిస్టర్లు మామూలుగా ఇక్కడే ఉంటాయి. దొరలు స్వదేశానికి రాసిన ఉత్తరాలు, రిపోర్టులు అక్కడ ఉంటాయి. లండన్ మిషన్, వెస్లియన్ మిషన్ కాగితాలు లండన్‌లోని సోయాస్ లైబ్రరీలో ఉన్నాయి. చర్చ్ మిషనరీ సొసైటీవి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయుల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, చావుల నకళ్ళు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ‘ఎన్/2’ అనే వరసలో దొరుకుతాయి. మన దేశంలో అయితే బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్‌ను ముందు అడగండి. అయినా ఊళ్ళో బీరువా చూడకుండా లండన్‌కు మెయిల్ పెట్టకండి. ఆ ఉత్తరాలు చాలావరకు చందాలిచ్చే స్వదేశీయులను కదిలించడానికి రాసినవి. కరువూ కన్నీళ్ళూ మారుమనసూ వాటిలో కాస్త చిక్కగానే ఉంటాయి. స్థానిక రిజిస్టరు పక్కన పెట్టుకుని చదివితేనే ఏది ఎంతో తెలుస్తుంది.

తాళం ఎవరి దగ్గరుంది?

అయ్యగారిని అడగాలి. రోమన్ కేథలిక్ విచారణ అయితే ఫాదర్‌గారిని అడగాలి. నోటిమాటతో సరిపెట్టకుండా ఒక పేజీ ఉత్తరం రాసివ్వండి: ఏ పుస్తకాలు చూడాలి, ఏ సంవత్సరాలవి, ఫోటోలు తీస్తారా, తీస్తే ఏం చేస్తారు. సంఘ కమిటీలో చదివి ఒప్పుకున్నాకే రమ్మంటే కాదనకండి. ఆ రెండు వారాల ఆలస్యం మీకు మేలే చేస్తుంది.

ఎందుకంటే, మీరు చెప్పిందంతా విని కూడా సంఘ పెద్ద ఒకాయన ‘ఇవన్నీ నీకెందుకు బాబూ’ అని అడగవచ్చు. ఆ ప్రశ్నలో నిజమైన భయం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే దక్కింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారిని మన రాష్ట్రాల్లో బీసీ-సీలో చేర్చారు. కాబట్టి బాప్తిస్మపు రిజిస్టరులోని ఒక్క పేజీ ఫోటో బయటికి పొక్కితే ఒక మనిషి కుల ధ్రువీకరణ పత్రం, ఉద్యోగం, సర్పంచి పదవి చిక్కులో పడొచ్చు. మీ పరిశోధన కంటే ఆ ఇంటి అన్నం పెద్దది.

అందుకని ఒక నియమం పెట్టుకుని దాన్ని ఉత్తరంలోనే రాయండి: బతికున్నవారి పేర్లుండే పుస్తకాలు ముట్టుకోను, వందేళ్ళ కిందటివే చూస్తాను, పేజీల ఫోటోలు ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టను. రాసిచ్చాక మాట తప్పకండి. సంఘం నమ్మకం ఒకసారి పోతే మీ తర్వాత వచ్చేవాళ్ళకు కూడా ఆ తలుపు తెరుచుకోదు.

పుస్తకం చేతికొచ్చాక

చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి. కాగితానికి తెల్ల గ్లవుజుల కంటే పొడిగా ఉన్న ఉత్త చేతులే మంచివి. గ్లవుజు వేసుకుంటే పేజీ అంచు వేలికి తెలియదు, చిరుగుతుంది. పాత ఫోటోలకూ వెండి పాత్రలకూ మాత్రం గ్లవుజులు వాడండి. పెన్ను సంచిలోనే ఉంచండి, రాసుకోవడానికి పెన్సిలే. చిరిగిన చోట సెల్లోటేపు వేయకండి, లామినేషన్ మాట ఎత్తనివ్వకండి. ఆ జిగురు కొన్నేళ్ళకు పసుపెక్కి అక్షరాలను తినేస్తుంది. ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. ముందు అట్ట, తర్వాత మొదటి పేజీ, ఆపైన వరసగా ఒక్కటీ వదలకుండా తీయండి. ఖాళీ పేజీ కూడా తీయండి, లేకపోతే ఇంటికొచ్చాక పేజీ పోయిందా, ఖాళీయా అన్న అనుమానం మిగులుతుంది.

ఇక చదవడం. బాప్తిస్మపు రిజిస్టరులో మామూలుగా వరస సంఖ్య, తేదీ, పేరు, వయసు, తల్లిదండ్రులు, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చినవారి సంతకం ఉంటాయి. మొదట ఏ ఒక్క పేరు దగ్గరా ఆగకుండా ఇరవై పేజీలు తిరగేయండి. చేతిరాత కంటికి అలవాటవుతుంది. తర్వాత నిదానంగా చూడండి. ఒకే తేదీ కింద ఒకే ఊరివాళ్ళు నలభైమంది వరసగా ఉన్నారంటే వాడ మొత్తం కలిసి నిర్ణయం తీసుకుందేమో అడగాలి. పుల్లమ్మ పేరు పక్కన మరియమ్మ అని రాసి ఉంటే రెండూ రాసుకోండి, ఊళ్ళో ఆమెను పాత పేరుతోనే పిలిచి ఉండొచ్చు. తల్లి గడి ఏ ఏడు నుంచి నింపడం మొదలైందో చూడండి. చేతిరాత మారిన చోట తేదీ రాసుకోండి. అది పాదిరి మారిన రోజు కావచ్చు, ఉపదేశి చేతికి పుస్తకం వచ్చిన రోజైనా కావచ్చు. ఆ మార్పుతో పేర్లు రాసే తీరు కూడా మారిపోతుంది. దొర చెవికి ఒకలా వినపడ్డ ఊరి పేరు ఉపదేశి రాసేసరికి అసలు రూపంలోకి వస్తుంది.

రోమన్ కేథలిక్ పుస్తకాల్లో పాతవి లాటిన్‌లో ఉంటాయి. భయపడకండి, పదో పన్నెండో మాటలే తిరిగి తిరిగి వస్తాయి. ఫాదర్‌గారిని అడిగితే ఒక్క పూటలో చెప్పేస్తారు. అక్కడ జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు చూడటం మరవకండి, ఎవరింటికి ఎవరు దగ్గరో తెలిసేది వాటివల్లే. మార్జిన్లు ఇంకా ముఖ్యం. భద్రమైన అభ్యంగనం, పెళ్ళి వివరాలను జ్ఞానస్నానపు పేజీ పక్కనే రాయాలన్నది తిరుసభ నియమం. ఒక్క పేజీలో ఒక మనిషి బతుకులో సగం దొరుకుతుంది.

ఎత్తిరాసేటప్పుడు తప్పులు దిద్దకండి. ఉన్నది ఉన్నట్టే రాసి, అర్థంకాని చోట చదరపు బ్రాకెట్లలో ప్రశ్నార్థకం పెట్టండి.

సమాధుల దొడ్డి

ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు సమాధిరాయి చదవాలని చూస్తే ఏమీ కనపడదు. పొద్దున ఏడింటికో సాయంత్రం అయిదింటికో వెళ్ళండి. వాలు ఎండ అక్షరాల అంచుల్లో సన్నటి నీడ వేస్తుంది. నీడలో ఉన్న రాయి అయితే ఒకరు టార్చిలైటును రాతికి ఆనుకున్నట్టుగా పక్కనుంచి పట్టుకోవాలి. వెలుగు పడే కోణాన్ని మెల్లగా తిప్పుతుంటే, ఇంతసేపూ నున్నగా కనిపించిన చోట సంవత్సరం తేలుతుంది. సుద్ద రుద్దడం, పిండి చల్లడం, ఆసిడ్ పోయడం, ఇనుప బ్రష్షుతో గీకడం ఇవేవీ చేయకండి. నాచు కింద అక్షరం ఉంటే నాచుతోపాటు అదీ ఊడొస్తుంది.

నేర్చుకోవడానికి బందరును మించిన చోటు లేదు. బందరుకోటలో డచ్చివాళ్ళ సమాధులున్నాయి. ఆ పలకల మీద వంశ చిహ్నాలను లోతుగా, తీరుగా చెక్కారు. భాష రాకపోయినా పేరు, తేదీ, చిహ్నం ఎత్తిరాయొచ్చు. అదే ఊళ్ళో మేజర్ జనరల్ జాన్ పేటర్ కట్టించిన సెయింట్ మేరీస్ చర్చిలో అరబెల్లా రాబిన్సన్ సమాధి ఉంది. ఆమె గురించి ఊళ్ళో ఎన్నో కథలు చెబుతారు. నోటుపుస్తకం పేజీని నిలువునా రెండుగా మడిచి రాతి మీద ఉన్నది ఎడమవైపు, జనం చెప్పేది కుడివైపు రాయండి. రెండూ కావాలి, ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. ఇంటికొచ్చాక జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో అచ్చువేసిన మద్రాసు రాజధాని సమాధి శాసనాల జాబితాతో పోల్చి చూడండి. రాయి అరిగిపోయిన చోట ఆ పుస్తకం ఆదుకోవచ్చు.

బొమ్మను చూడటం

మెదక్ కెథడ్రల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో కట్టిన ఆ గుడిని 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించారు. ఫ్రాంక్ సాలిస్‌బరీ గీసిన రంగుటద్దాల కిటికీలు అక్కడ మూడున్నాయి: వేదిక వెనక ఆరోహణం, రెండు పక్క రెక్కల్లో జననం, సిలువ. వెళ్ళగానే ఫోను తీయకండి. పావుగంట ఒక్క కిటికీ ముందే కూర్చోండి. మొదట మనుషులను లెక్కపెట్టండి. ఎవరి చూపు ఎటుందో రాయండి. ఏ రంగు ఎక్కడెక్కడ మళ్ళీ మళ్ళీ వచ్చిందో రాయండి. అడుగున దాతల పేర్లో వాక్యమో ఉంటే ఎత్తిరాయండి. ‘దీని భావం ఏమిటి’ అన్నది ఆ తర్వాతి మాట. ఎండ జరిగేకొద్దీ అద్దం మారుతుంది కాబట్టి పొద్దునా మధ్యాహ్నమూ రెండుసార్లు చూడాలి.

గుర్తులు నేర్చుకుంటే పని సులువవుతుంది. తాళంచెవులుంటే పేతురు, కత్తి ఉంటే పౌలు, లిల్లీపూలూ బాలయేసూ ఉంటే అంతోనివారు, నీలిపట్టీతో గుహలో నిలబడితే లూర్దుమాత. గుణదల కొండమీద ఉన్నది లూర్దుమాతే. అక్కడ విగ్రహంతోనే ఆగిపోతే సగమే చూసినట్టు. ఫిబ్రవరి తిరునాళ్ళలో భక్తులు కొబ్బరికాయలు కొట్టడం, తలనీలాలివ్వడం కూడా ఆ వారసత్వంలో భాగమే, వాటినీ రాసుకోవాలి. డోర్నకల్ వెళ్ళినవారు, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్‌లో గుమ్మటం ఎక్కణ్ణుంచి వచ్చింది, మండపపు స్తంభం ఎక్కణ్ణుంచి వచ్చింది అని విడివిడిగా బొమ్మ గీసుకోండి. చేత్తో గీస్తే తప్ప కంటికి పట్టని వివరాలు అందులో ఎన్నో ఉన్నాయి.

పాటల పుస్తకాన్ని కూడా వదలకండి. పాత ఆంధ్ర క్రైస్తవ కీర్తనల ప్రతుల్లో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అచ్చులో ఉన్న రాగం ఒకటి, సంఘంలో పాడే వరస ఇంకొకటి అయితే పెద్దవాళ్ళ చేత పాడించి ఫోనులో రికార్డు చేసుకోండి. ఈ పని మాత్రం వాయిదా వేయకండి. కాగితం ఇంకో పదేళ్ళు ఆగుతుంది.

చివరి పని

ఫోటోల ఫైళ్ళకు చర్చి పేరు, పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ సంఖ్య ఒకే వరసలో పెట్టండి. ఒక ప్రతి మీ దగ్గర, ఒకటి హార్డ్‌డిస్కులో వేరే ఇంట్లో, ఒకటి చర్చికి. బీరువాలో ఏయే పుస్తకాలున్నాయో, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉన్నాయో, మధ్యలో ఏవి లేవో ఒక జాబితా తయారుచేసి ప్రింటు తీయండి. ఒక ప్రతి బీరువా తలుపు లోపలివైపు అంటించండి, ఒకటి అధ్యక్ష ఖండం ఆఫీసుకో మేత్రాసనానికో పంపండి. జాబితా కింద తేదీ, మీ పేరు, ఫోను నంబరు రాయండి. అయ్యగారు బదిలీ అయి వెళ్ళినా, కొత్తగా వచ్చినవారు ఫలానా పుస్తకం ఏదని మిమ్మల్ని అడగగలుగుతారు.