వార్ధక్యంలో ధైర్యం - చంక్రమణం

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకనాడు ద్రాక్షతోటలకు ప్రసిద్ధి. ఆ తోటల్లోనూ, చెరువు కింది మడుల్లోనూ జీవితమంతా నడిచినవారే ఈనాడు డెబ్బై దాటిన పెద్దలు. భూములు చాలావరకు ప్లాట్లయినవి. పిల్లలు పట్నానికో, పరదేశానికో వెళ్లినారు. పని లేక పెద్దలు కుర్చీకి పరిమితులైనారు. కూర్చున్నకొద్దీ కాళ్ల బలం తగ్గును. బలం తగ్గినకొద్దీ పడిపోతామన్న భయం పెరుగును. ఆ భయమే మరల కూర్చోబెట్టును.

వృద్ధులకు వ్యాయామం కూడదని వాగ్భటుడే చెప్పినాడు గదా అని కొందరు అడుగుతారు. నిజమే. అష్టాంగహృదయం సూత్రస్థానం 2వ అధ్యాయంలో ఆ నిషేధమున్నది. అయితే వ్యాయామమనగా శరీరానికి ఆయాసం కలిగించే కర్మ అని సుశ్రుతుని నిర్వచనం. ఆయనే చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో చంక్రమణాన్ని, అనగా దేహాన్ని మిక్కిలి బాధించని నడకను, వేరుగా చెప్పి, అది ఆయుర్బలాలను, మేధను, జఠరాగ్నిని వృద్ధి చేయునన్నాడు. ఈ భేదం తెలియక మంచానికి అంటుకొని పోయినవారు ఎందరో!

ఎంత నడవాలి? నడుస్తూ పక్కవారితో తడబడక మాట్లాడగలగాలి. మాట తెగుతున్నదంటే ఆగాలి. మొదట ఇంటి ముందే పది నిమిషాలు చాలును. ఎంత నడిచినారో, రాత్రి నిద్ర ఎట్లున్నదో, ఆకలి, మలప్రవృత్తి ఎట్లున్నవో ఒక నోటుపుస్తకంలో రాసుకొనండి. మనోదోషాలకు బుద్ధి, ధైర్యం, ఆత్మాది విజ్ఞానం పరమౌషధమని వాగ్భటుడు చెప్పినాడు. అందులో ధైర్యానికి ముందు బుద్ధిని నిలుపుట గమనింపదగినది. తన శక్తి ఎంతో తెలిసినవానికి భయం తగ్గును. ఊరకే "ధైర్యంగా ఉండండి" అనుట వైద్యం కాదు.

వయసు ముదిరినకొద్దీ వాతం ప్రబలును గనుక తలకు, చెవులకు, పాదాలకు గోరువెచ్చని నువ్వులనూనెతో అభ్యంగం హితం. జ్వరం, అజీర్ణం ఉన్ననాడు మానాలి. అరికాళ్ల నూనెను గుడ్డతో పూర్తిగా తుడిచిన తరువాతనే లేవండి. నేటి నున్నని టైల్స్ మీద జారితే తుంటి ఎముకకే ప్రమాదం. మలబద్ధం ఉన్నవారు పది ఎండుద్రాక్షలను రాత్రి నానబెట్టి ఉదయం తినవచ్చును. మధుమేహులకు ఇది తగదు.

బి.పి., షుగరు మాత్రలు వాడుతున్నవారు ఈ ఉపచారాలను నమ్మి వాటిని సొంతంగా మానరాదు. నడకలో ఛాతీ బరువెక్కినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా ఇంటివైద్యం కోసం వెదకక వెంటనే 108కి ఫోను చేయించండి.